పసిపిల్లల ఎగ్జిమా: తల్లీ తండ్రీ కలిసి చేయవలసిన వైద్యం

చలికాలంలో పిల్లల చర్మం పొడిబారడమే ఒక జబ్బు కాదు. ఆదిలాబాద్ వైపు చలిగాలి మొదలైన నాటి నుంచి సంక్రాంతి దాటేవరకు బుగ్గలు పగలడం, పెదవులు చిట్లడం, కాలి మీద గోటితో గీస్తే తెల్లని చార పడడం తెలుగు ఇళ్లలో ఏటా చూసేవే. కాస్త కొబ్బరినూనె రాస్తేనో, ఎండ ముదిరితేనో అవి వాటంతట అవే సర్దుకుంటాయి. అలా సర్దుకోక, నెలల తరబడి విడవని దురదతో, గోకిన చోట రసి కారుతూ, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే పొడి చర్మం వేరు. దానిని వైద్యులు ఎటోపిక్ డెర్మటైటిస్ అంటారు. వాడుకలో అదే ఎగ్జిమా. ఉబ్బసం, తుమ్ముల అలర్జీ వంటివి కుటుంబాల్లో వారసత్వంగా దిగివచ్చే ధోరణికి 1923లో ఆర్థర్ కోకా, రాబర్ట్ కుక్ అనే అమెరికన్ వైద్యులు ఎటోపీ అని పేరు పెట్టగా, పదేళ్ల తరువాత ఫ్రెడ్ వైజ్, మేరియన్ సల్జ్‌బర్గర్ ఈ చర్మవ్యాధిని కూడా ఆ కుదురులోనే చేర్చి ఇప్పుడున్న పేరు స్థిరపరచారు. ఎక్కువమందిలో ఇది అయిదేళ్లు నిండకముందే, చాలామందిలో పాలుతాగే వయసులోనే మొదలవుతుంది. చంటిపిల్లలకు బుగ్గల మీద, నుదుటి మీద, మాడు మీద కనిపించి, పిల్లలు ఎదిగే కొద్దీ మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి, మెడకు, మణికట్టుకు మారుతుంది. మందుచీటీ ఆసుపత్రిలో రాసినా వైద్యం జరిగేది మాత్రం ఇంట్లో, అదీ ఎక్కువగా రాత్రిపూట. అందువల్ల ఈ జబ్బు అదుపులో ఉండడమన్నది ఏ మందు దొరికిందన్న దానికంటే, తల్లీ తండ్రీ ఒక మాట మీద ఉండి ఎన్ని నెలలు ఒకే పద్ధతి నడిపించగలిగారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

చర్మం పైపొరలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట ఎందుకు అనవలసి వచ్చిందో బోధపడుతుంది. చర్మానికి అన్నిటికన్నా పైన ఉండే పలుచని పొరలో, జీవం పోయి బల్లపరుపుగా మారిన కణాలు ఇటుకల వరుసల్లాగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సిరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అనే జిడ్డు పదార్థాలు సున్నంలాగా నిండి ఉంటాయి. లోపలి తేమ బయటికి ఆవిరైపోకుండా, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి రాకుండా కాపాడేది ఈ గోడే. ఇటుకలు గట్టిపడడానికీ, తేమను పట్టి ఉంచడానికీ ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు అవసరం. ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారితో కలిసి పనిచేసినవారు చూపించారు. చేప పొలుసులలాంటి చర్మంతో వంశపారంపర్యంగా వచ్చే ఇక్తియోసిస్ వల్గారిస్ అనే మరో పొడి చర్మ వ్యాధికీ ఆ జన్యు లోపమే మూలమని అదే ఏడాది తేలింది. ఎగ్జిమా ఉన్న బిడ్డలందరిలోనూ ఈ లోపం ఉండదు. రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం, వాతావరణం, చర్మం మీద చేరే స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. అయినా గోడ బలహీనంగా ఉండడం అన్నది ఈ కథలో ముఖ్యమైన భాగం, ఆ బలహీనత తల్లి వైపు నుంచి రావచ్చు, తండ్రి వైపు నుంచీ రావచ్చు.

ఈ చివరి సంగతి తెలుగు ఇళ్లలో గట్టిగా చెప్పవలసి ఉంది. బిడ్డ బుగ్గలు ఎర్రబడి రసి కారడం మొదలవగానే ఇంట్లో తొలి ప్రశ్న తల్లికే ఎదురవుతుంది: కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నది, పాలిస్తూ ఏం తింటున్నది, పాలు వేడి చేశాయేమో, రక్తం చెడిందేమో. అప్పటికే బాలింత పత్యంలో ఉన్న తల్లికి వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, చివరికి పప్పు కూడా వరుసగా మాన్పించడం, ఆమె నీరసించి పాలు తగ్గాయని బిడ్డకు డబ్బా పాలు మొదలుపెట్టడం, దద్దురు మాత్రం ఉన్నచోటే ఉండడం వైద్యులు తరచుగా వినే క్రమం. తల్లి తిన్న తిండి వల్ల ఎగ్జిమా పుట్టదు. తండ్రికి చిన్నతనంలో ఉబ్బసం ఉండేదనో, మేనత్తకు ఏటా తుమ్ములు పట్టుకుంటాయనో ఆ ఇంటి పెద్దలకే తెలిసి ఉంటుంది, కాని ఆ సంగతిని బిడ్డ చర్మంతో ముడిపెట్టి ఎవరూ ఆలోచించరు. భార్యకు భర్త ఇవ్వగల మొదటి సాయం మందు తేవడం కాదు; అత్తగారి ముందు, వచ్చిపోయే చుట్టాల ముందు, ఇది ఆమె తప్పు కాదని తాను చెప్పడం. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడే ఆ మాట అనడానికి అతనికి ధైర్యం, ఆధారం దొరుకుతాయి. వీలైతే నానమ్మనో అమ్మమ్మనో కూడా ఒకసారి వెంట తీసుకువెళ్లడం ఇంకా మేలు. ఇంటికి తిరిగొచ్చి డాక్టరు మాటను పెద్దావిడకు తర్జుమా చేసి చెప్పే భారం కోడలి మీద పడకుండా ఉంటుంది.

ఎగ్జిమా బాధ అంటే ప్రధానంగా దురద బాధ. దురద వల్ల బిడ్డ గోకుతుంది, గోకితే చర్మపు పైపొర చెదురుతుంది, చెదిరిన చోట మంట పెరిగి దురద రెట్టిస్తుంది; దీనినే వైద్యులు దురద, గోకుడు విషవలయం అంటారు. చేతులు ఇంకా సరిగా వాడలేని నాలుగైదు నెలల బిడ్డ నిద్రలోనే తల్లి భుజానికి బుగ్గ పెట్టి అటూ ఇటూ రాపాడిస్తుంది. ఏడాది దాటిన బిడ్డ ఒక పాదం మడమతో రెండో కాలి చీలమండను రాస్తుంది. తెల్లవారి చూస్తే దిండు గలీబు మీద పొట్టు, దుప్పటి మీద అక్కడక్కడ రక్తపు చుక్కలు. రాత్రంతా ఆ చిన్న చెయ్యి పట్టుకొని కూర్చునే మనిషి తెల్లారి వంట చేయాలి, లేదా బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లాలి. నిద్ర చాలని ఇంట్లో చిన్న మాట పెద్దదవుతుంది, పెద్ద బిడ్డ అల్లరి భరించరానిదవుతుంది, ఎదిగిన పిల్లలు తమను ఎవరూ పట్టించుకోవడం లేదని ముభావంగా మారతారు. బిడ్డకు వచ్చిన చర్మవ్యాధి ఆ విధంగా కుటుంబమంతటి ఆరోగ్యానికి సంబంధించినదవుతుంది. దీనికి ఉపాయం గొప్పదేమీ కాదు. అర్ధరాత్రి వరకు ఒకరు, ఆ తరువాత మరొకరు మేలుకోవడం. ఒకరి వంతులో రెండోవారు వేరే గదిలో నిజంగా నిద్రపోవడం. ఒకే గది ఉన్న ఇంట్లోనైతే వారానికి రెండు రాత్రులైనా బిడ్డ బాధ్యత పూర్తిగా తండ్రిదో, ఇంట్లో ఉన్న మరో పెద్దదిక్కుదో కావడం. తల్లి పాలు తాగే బిడ్డ అయినా పాలిచ్చిన తరువాత ఎత్తుకొని తిప్పడానికి, గోకకుండా చెయ్యి పట్టుకోవడానికి తల్లే ఉండనక్కరలేదు. నెలలు గడిచినా దిగులు తగ్గక, ఆకలి చచ్చి, అకారణంగా ఏడుపొస్తున్న తల్లికి చర్మవైద్యుడితో పాటు మానసిక వైద్యుడి సాయం కూడా అవసరం కావచ్చు. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు.

స్నానం విషయంలో పాత పద్ధతిని మొత్తంగా కొట్టిపారేయడం గాని, మొత్తంగా నెత్తిన పెట్టుకోవడం గాని సరికాదు. నూనె మర్దన, ఒళ్లో పడుకోబెట్టి పోసే గోరువెచ్చని నీళ్లు, స్నానం తరువాత వచ్చే గాఢనిద్ర బిడ్డకు మేలు చేసేవే. కాని శెనగపిండితో, సున్నిపిండితో ఒళ్లు ఎర్రబడేదాకా నలుగు పెట్టి రుద్దడం, ఆవిర్లు కక్కే నీళ్లు పోయడం, ఆపైన సాంబ్రాణి పొగ పట్టడం ఎగ్జిమా బిడ్డకు హాని చేస్తాయి. అసలే బలహీనమైన పైపొర రుద్దుడుకు ఊడిపోతుంది, వేడినీళ్లు ఉన్న జిడ్డును కడిగేస్తాయి, పొగ చర్మాన్నీ ఊపిరితిత్తులనూ రేపుతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం స్వల్పంగా ఆమ్ల గుణంతో, అంటే పీహెచ్ కొలతలో దాదాపు 5 దగ్గర ఉంటుంది. మామూలు స్నానపు సబ్బులు 9, 10 దగ్గర క్షార గుణంతో ఉండి ఆ సమతుల్యాన్ని చెడగొడతాయి. అందువల్ల సబ్బు అవసరమైన చోటే, అదీ క్షారం లేని మెత్తని రకం వాడి, గోరువెచ్చని నీళ్లతో అయిదు పది నిమిషాల్లో స్నానం ముగించి, మెత్తటి తుండుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద చెమ్మ పూర్తిగా ఆరకముందే తేమను నిలిపే క్రీము రాయాలని వైద్యులు చెబుతారు. ఇలా రాసే క్రీములు, ఆయింట్‌మెంట్లు, లోషన్లు అన్నిటినీ కలిపి మాయిశ్చరైజర్లు అంటారు.

ఏ నూనె, ఏ క్రీము అన్న ప్రశ్న దగ్గర చాలా కుటుంబాలు అవసరానికి మించి డబ్బు పోగొట్టుకుంటాయి. ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాయగా ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని 2005లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది; ఆలివ్ నూనె చర్మపు పైపొరను దెబ్బతీస్తుందని 2013లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు చూపించారు; ఆవనూనె కూడా పొడి చర్మానికి మంచిది కాదు. అంటే విదేశాల నుంచి తెప్పించిన ఖరీదైన ఆలివ్ నూనె కంటే తెలుగు వంటింట్లో ఉన్న పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరినూనె మేలన్న మాట. ఇక క్రీముల సంగతి: లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ అనే నాలుగు రకాలను ఇంగ్లండ్‌లో 550 మంది ఎగ్జిమా పిల్లల మీద పోల్చి చూసి, 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వాటిలో ఒకటి తక్కినవాటి కంటే మెరుగని తేలలేదు. బిడ్డ ఒప్పుకొని, తల్లిదండ్రులు కొనగలిగి, రోజూ రాయగలిగిందే మంచి క్రీము. బ్రిటన్‌లో ఎగ్జిమా పిల్లలకు వారానికి పావు కిలో నుంచి అర కిలో వరకు మాయిశ్చరైజర్ అవసరమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. చిన్న ట్యూబును నెలంతా పొదుపుగా వాడే తెలుగు కుటుంబానికి ఈ లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది, మందు పనిచేయలేదన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణమూ ఇందులోనే దొరుకుతుంది. ఖరీదు భరించలేనివారికి మందుల షాపులో దొరికే సాదా పెట్రోలియం జెల్లీ చాలు. జిడ్డు క్రీములు పట్టిన బట్టలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది గనుక ఆ బట్టలతో ఉన్న బిడ్డను పొయ్యికీ, దీపాలకూ, దీపావళి మతాబులకూ దూరంగా ఉంచడం మాత్రం మరవకూడదు.

తల్లిదండ్రుల మధ్య ఎక్కువగా తగువు పుట్టించేది స్టెరాయిడ్ మందు. శరీరంలోని అడ్రినల్ గ్రంథి తయారుచేసే హార్మోన్ల పోలికతో రూపొందించి, మంటను అణచడానికి పైపూతగా వాడే మందులను స్టెరాయిడ్ క్రీములు అంటారు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను చర్మం మీద పూసి ఫలితం చూపించినవారు 1952లో, ఇందాక చెప్పిన సల్జ్‌బర్గరే, విక్టర్ విట్టెన్ అనే సహచరుడితో కలిసి. మాయిశ్చరైజర్ గోడను కాపాడగలదు గాని, అప్పటికే రగిలిన మంటను ఆర్పలేదు; ఆ పని స్టెరాయిడ్ చేస్తుంది. ఇక్కడ ఇళ్లలో రెండు ఎదురెదురు తప్పులు జరుగుతాయి, విచిత్రంగా ఆ రెండూ ఒకే ఇంట్లో జరుగుతుంటాయి. తండ్రి సాయంత్రం ఇంటికి వస్తూ మందుల షాపులో దద్దురు గురించి చెప్పి, క్లోబెటాసాల్ వంటి అతి తీవ్రమైన స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, బాక్టీరియా మందు కలిపిన ట్యూబు తెస్తాడు. రెండు రోజుల్లో చర్మం నున్నగా మారడంతో అది సంజీవని అనిపిస్తుంది. ఆపితే తిరగబెడుతుంది, మళ్లీ రాస్తారు, నెలల తరువాత చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి. తల్లి ఎవరి నోటనో స్టెరాయిడ్ అన్న మాట విని, డాక్టరు రాసిచ్చిన తేలికపాటి మందును కూడా బియ్యపు గింజంత తీసి, అదీ రెండు రోజులే పూసి ఆపేస్తుంది. అతను ఎక్కువ తీవ్రమైన మందును లెక్క లేకుండా వాడమంటాడు, ఆమె సరైన మందును చాలీచాలకుండా వాడుతుంది. బిడ్డ చర్మం మాత్రం ఎవరి పద్ధతికీ లొంగదు.

షాపుల్లో అడిగినవారికల్లా ఇలాంటి ట్యూబులు అమ్మే అలవాటును అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2018లో అనేక స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందుల జాబితాలోకి చేర్చింది. ఆ నియమం కాగితం మీద ఉన్నంత గట్టిగా కౌంటర్ దగ్గర కనిపించదన్నది మందుల షాపుకు వెళ్లే ఎవరికైనా తెలిసిన సంగతే. పోతే, ఎంత పూయాలన్న ప్రశ్నకు సులభమైన కొలత ఉంది. 1991లో బ్రిటన్‌కు చెందిన ఇద్దరు వైద్యులు ప్రతిపాదించిన ఆ కొలత పేరు వేలికొన ప్రమాణం: ఎదిగిన మనిషి చూపుడు వేలి చివరి గీత నుంచి కొన దాకా ట్యూబు నుంచి పిండిన మందు దాదాపు అర గ్రాము ఉంటుంది, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డ ఒక చేయి మొత్తానికి, అరచేతితో కలిపి, ఒకటిన్నర వేలికొనల మందు పడుతుంది. ఈ కొలత తెలిసిన ఇంట్లో భయానికీ దుబారాకూ రెండింటికీ చోటు తగ్గుతుంది. ముఖానికి, చంకలకు, గజ్జలకు తేలిక మందు, మందపాటి చర్మానికి కొంత గట్టి మందు, మంట చల్లారేవరకు రోజూ, ఆ తరువాత మళ్లీ మళ్లీ తిరగబెట్టే చోట్ల వారానికి రెండు రోజులు చొప్పున వాడించడం వైద్యుల వాడుక. రెండేళ్లు దాటిన పిల్లలకు, ముఖ్యంగా ముఖం మీద, స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ కూడా ఉంది. డాక్టరు చెప్పిన ఈ క్రమాన్ని ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించి, పూసిన పూట ఎవరు పూస్తే వారు గీత పెట్టే పద్ధతి పాటించే ఇళ్లలో ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు రెండుసార్లు పూయడం, లేదా ఇద్దరూ మరచిపోవడం అరుదు.

జబ్బును సరిగా గుర్తించడం ఇంకో చిక్కు. పల్లెల్లో, బస్తీల్లో దురద పుట్టించే దద్దురునంతా గజ్జి, చిడుము, తామర అనే మాటలతో కలిపేసి చెప్పుకోవడం అలవాటు. గజ్జి అన్నది చర్మంలో తొలుచుకుపోయే ఒక సూక్ష్మ పురుగు వల్ల వస్తుంది; వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ, రాత్రిళ్లు ఎక్కువగా దురద పెడుతూ ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి సోకుతుంది గనుక పెర్మెత్రిన్ వంటి మందును ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పూసుకోవాలి. అంచులు ఎర్రగా ఉబ్బి గుండ్రంగా పాకేది ఫంగస్ వల్ల వచ్చే తామర. దాని మీద స్టెరాయిడ్ పూస్తే రూపు మారి మరింత వ్యాపిస్తుంది. ఎగ్జిమా ఈ రెండూ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంగన్‌వాడీలో పక్కన కూర్చోబెట్టకపోవడం, బడిలో ఆటకు రానివ్వకపోవడం జరిగినప్పుడు తల్లిదండ్రులు డాక్టరు చేత అంటువ్యాధి కాదని రెండు మాటలు రాయించుకొని టీచరుకు చూపడం మంచిది. మరో గందరగోళం పిల్లల బుగ్గల మీది తెల్లని మచ్చలది. ఎండాకాలంలో బయటపడే ఆ పాలిపోయిన, కొద్దిగా పొట్టు రేగిన మచ్చలను పిటిరియాసిస్ ఆల్బా అంటారు. అవి పొడి చర్మానికి సంబంధించినవే తప్ప జనం అనుకునేట్టు కాల్షియం తగ్గినందుకో, కడుపులో నులిపురుగులకో వచ్చినవి కావు, బొల్లి అంతకంటే కాదు. గోధుమరంగు చర్మం మీద ఎగ్జిమా ఎరుపు సరిగా కనిపించక ముదురు రంగులోనో, బూడిద రంగులోనో ఉంటుందని, తగ్గిన తరువాత రంగు మచ్చలు కొన్ని నెలలు నిలిచి మెల్లగా పోతాయని కూడా తెలిసి ఉండాలి. లేకపోతే ఆ మచ్చల కోసం తెల్లబరిచే క్రీములు కొని కొత్త కష్టం తెచ్చుకుంటారు.

తిండి విషయం క్లుప్తంగా చెబితే చాలు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న చంటిపిల్లల్లో కొందరికి గుడ్డు, పాలు వంటివి నిజంగానే పడవు. తిన్న కొద్దిసేపట్లోనే ఒళ్లు దద్దుర్లెక్కడం, పెదవులు వాయడం, వాంతి కావడం దానికి గుర్తులు. అలాంటి గుర్తులు లేకుండా అనుమానం మీద పాలు, గుడ్లు, చేపలు మాన్పించిన బిడ్డకు చర్మం బాగుపడదు సరిగదా బరువు తగ్గుతుంది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు ఏడాదిలోపే వైద్యుల పర్యవేక్షణలో వేరుశనగ అలవాటు చేస్తే తరువాత వేరుశనగ అలర్జీ చాలావరకు తప్పుతుందని 2015లో లండన్ పరిశోధన నిరూపించాక, దాచిపెట్టి దూరంగా ఉంచడమే రక్షణ అన్న పాత నమ్మకం వైద్యరంగంలోనే కూలిపోయింది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక ఓపీ గదిలో, బయట యాభై మంది వేచి ఉండగా, డాక్టరు కొద్ది నిమిషాల్లో వివరించలేరు. ఈ లోటును జర్మనీ ముందుగా గుర్తించింది. అక్కడి పలు ఆసుపత్రుల్లో ఎగ్జిమా పిల్లల తల్లిదండ్రులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, వారానికి రెండు గంటల చొప్పున ఆరు వారాలపాటు చర్మవైద్యులు, మనస్తత్వ నిపుణులు, ఆహార నిపుణులు కలిసి పాఠాలు చెప్పి, ఏడాది తరువాత పరిశీలించగా, ఆ శిక్షణ పొందిన కుటుంబాల పిల్లల్లో జబ్బు తీవ్రత ఇతరుల కంటే ఎక్కువగా తగ్గిందని 2006లో ప్రచురించారు. కొత్త మందేదీ ఇవ్వలేదు. ఉన్న మందునే ఎలా వాడాలో నేర్పారు, పక్కింటి బాధ తమ బాధ వంటిదే అని తెలియజెప్పారు. బ్రిటన్‌లో రోగులు, వారి కుటుంబాల కోసం 1975 నుంచి నేషనల్ ఎగ్జిమా సొసైటీ పనిచేస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి తరగతులు నడపడానికి కొత్త భవనాలు అక్కరలేదు. పెద్దాసుపత్రుల చర్మ విభాగాల ముందు, పిల్లల ఆసుపత్రుల వరండాల్లో తల్లిదండ్రులు గంటల తరబడి ఎలాగూ పక్కపక్కనే కూర్చుంటారు. ఆ సమయంలో ఒక నర్సు మందు పూసే తీరును చేతులారా చూపిస్తే, రెండేళ్లుగా జబ్బును అదుపులో ఉంచిన ఒక తల్లి కొత్తగా వచ్చిన తల్లికి తన అనుభవం చెబితే, చీటీలోని మందు సగమైనా సక్రమంగా వాడకంలోకి వస్తుంది.

తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకోదగినవేవో, చెప్పుకోకూడనివేవో ఇక్కడ తేల్చుకోవాలి. రాత్రి గోకుడును ఎలా మళ్లించారు, జిడ్డు పట్టని నూలు చొక్కాలు ఎక్కడ కుట్టించారు, నిద్రపోయాక గోళ్లు ఎలా కత్తిరించారు, అత్తగారిని ఎలా ఒప్పించారు అన్నవి ఏ డాక్టరూ చెప్పలేని విద్యలు. అవి ఎంత పంచుకుంటే అంత మంచిది. తన బిడ్డకు పనిచేసిందని ట్యూబు పేరు ఫోన్‌లో ఫోటో తీసి పంపడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే అవతలి బిడ్డకు ఉన్నది తామర కావచ్చు, వయసు ఆరు నెలలే కావచ్చు. పేరులేని సీసాలో వచ్చే ఆకుపసర్ల మందులో కలిపిన దినుసులేమిటో అమ్మినవాడు చెప్పనంత వరకు అది స్టెరాయిడ్ కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు జంటలకు ఒంటరితనం ఇంకాస్త ఎక్కువ: హీటర్ గాలికి ఇల్లు పొడిబారి బిడ్డ రాత్రంతా గోకుతుంటే, నానమ్మ గుంటూరు నుంచి వీడియో కాల్‌లో నలుగు పెట్టమంటుంది, పొరుగువారికి నలుగన్న పేరే తెలియదు. అక్కడి తెలుగు సంఘాలు పండుగలకు కూడినప్పుడు ఇలాంటి కుటుంబాలను ఒకరికొకరిని పరిచయం చేస్తే చాలా భారం తగ్గుతుంది.

కొన్ని సందర్భాల్లో తోటి తల్లిదండ్రుల సలహా కోసం ఆగకూడదు. దద్దురు మీద పసుపురంగు చీము పక్కులు కట్టినప్పుడు, బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఒకే పరిమాణంలో గుండ్రని పొక్కులు గుంపుగా లేచి పగిలి చిన్న గుంటలు పడుతుంటే అది హెర్పిస్ వైరస్ ఎగ్జిమా మీద చేరిందనడానికి గుర్తు కావచ్చు, దానికి గంటల్లో వైద్యం అందాలి. ఇక జబ్బు భవిష్యత్తు విషయానికొస్తే, ఎక్కువమంది పిల్లల్లో ఎగ్జిమా ఎదిగే కొద్దీ నెమ్మదిస్తుంది; కొందరికి ఉబ్బసం, తుమ్ముల అలర్జీ తోడవుతాయి; కొద్దిమందికి పెద్దయ్యాకా చర్మం పొడిగానే ఉంటుంది. సమూలంగా పోగొడతామని ముందే మాట ఇచ్చే ప్రకటనలను నమ్మనవసరం లేదు, అదుపులో ఉంచలేమన్న నిరాశా అక్కరలేదు.

చర్మవైద్యుడి దగ్గరికి మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులకు ఒక విన్నపం: ఇంతకుముందు పూసిన ట్యూబులన్నిటినీ, సగం వాడినవైనా, పొరుగువారు ఇచ్చినవైనా, పసరు సీసాలైనా, వాటి డబ్బాలతో సహా ఒక సంచిలో వేసుకొని, తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి వెళ్లాలి. బిడ్డ చర్మం మీద ఏ మందు ఎన్నాళ్లు పడిందో తెలియకుండా ఏ డాక్టరూ సరైన చీటీ రాయలేరు.